చిన్న డిస్కులో పట్టనిది

"మా అమ్మను పూడ్చకుండా వదిలేశావు బ్రదర్!"

తలుపు తీసిన జార్జికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గుమ్మంలో కృపామణి. చేతిలో డీవీడీ కవరు. వెనకాల ఆమె చెల్లెలు హెప్సి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.

"సిస్టర్, లోపలికొచ్చి తిట్టండి. ఈ రీడింగ్ ఊళ్ళో ఇళ్ళ గోడలు అట్టముక్కలు. వీధంతా వింటుంది."

"విననీ! నీ పనితనం అందరికీ తెలియాలి."

జార్జి ఇంగ్లండులో ఐటీ కాంట్రాక్టరు. అక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఎవరి పెళ్ళి వీడియో అయినా, ఎవరి బాప్తిస్మం వీడియో అయినా కాపీలు తీసిచ్చేది అతనే. కృపామణి నార్తాంప్టన్‌లో నర్సు. 2010 చలికాలంలో తెనాలిలో వాళ్ళమ్మ చనిపోయింది. భూస్థాపన వీడియో డిస్కు స్విండన్‌లో ఉండే హెప్సి ఇంటికి వచ్చింది. అక్కకొక కాపీ తీసిపెట్టమని హెప్సే దాన్ని జార్జికిచ్చింది.

"ఇల్లుంది. పెట్టె ఉంది. చర్చిలో ప్రసంగం ఉంది. సమాధుల తోట గేటు దాకా మోసుకెళ్ళారు. అక్కడ పెట్టె దించి, జనమంతా రోడ్డు వంక చూస్తున్నారు. అంతే, తెర నల్లబడింది. మట్టేది బ్రదర్?"

"అది... వచ్చింది పెద్ద డిస్కు సిస్టర్. రెండు పొరలుంటాయి. నా దగ్గరున్న ఖాళీ డిస్కుకి ఒకటే పొర. సగమే పడుతుంది. బొమ్మనన్నా నొక్కి కుదించాలి, ఏదో ఒకటి తీసెయ్యనన్నా తీసెయ్యాలి."

"సినిమా అనుకున్నావా, పాటలు లేపెయ్యడానికి? ముప్పావుగంట ప్రసంగం ఉంచి మట్టి లేపేస్తావా? పాస్టరు గారు దగ్గిన దగ్గు కూడా ఉందయ్యా అందులో!"

హెప్సి అందుకుంది. "ఊరికే చేసిపెట్టేవాళ్ళకిస్తే ఇంతేలే అక్కా. పద పోదాం."

జార్జి ఆమె వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది.

తల్లిని పూడ్చేటప్పుడు దగ్గర లేకపోవడం అంటే ఏమిటో వీసా పొడిగింపుకి పాస్‌పోర్టు పంపి కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఈ దేశం తన ముసలివాళ్ళ మూతులు తుడవడానికి నిన్ను పిలుస్తుంది. నీ ముసలిది చస్తే మాత్రం కాగితం వచ్చేదాకా ఆగమంటుంది. పాస్‌పోర్టు వెనక్కి అడగొచ్చు. అడిగితే అప్లికేషన్ రద్దు. కృపామణి అందుకూ తెగించింది. ఆపింది హెప్సి.

"అడక్కక్కా. ఉద్యోగం పోతే రేపు పిల్లలేమైపోవాలి? నేనూ పోనులే. ఇద్దరం ఇక్కడే ఏడుద్దాం" అంది.

హెప్సి పాస్‌పోర్టు హెప్సి చేతిలోనే ఉంది. అయినా పోనంది. ఆ మాట పట్టుకునే కృపామణి నిలబడగలిగింది. ఆ వారమంతా చెల్లెలు ఫోనెత్తకపోతే, తలుపేసుకుని కుమిలిపోతోందని తన దుఃఖం పక్కన పెట్టి దాని కోసం బెంగపడింది. తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి "రాలేకపోయావా తల్లీ" అంటే సిగ్గుతో పెట్టేసింది. ఆ తర్వాత ఊరి నంబరేదీ ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడుతుంది?

ఇక మిగిలింది ఆ వీడియో ఒక్కటే. అమ్మ మీద మట్టి పడటం కళ్ళతో చూస్తే తప్ప అమ్మ లేదని ఆమె మనసు ఒప్పుకోవడం లేదు. ఇప్పటికీ ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మతో మాట్లాడాలని చెయ్యి ఫోన్ మీదికి పోతోంది.

"నిజం చెప్పు బ్రదర్. బద్ధకించి కోసేశావు కదూ?"

జార్జికి కాలింది. "బద్ధకమేంటి సిస్టర్! నొక్కితే మొత్తం పట్టేది. బొమ్మ కాస్త మసకయ్యేది, అంతే. చివరి భాగం తీసెయ్యమన్నది మీ చెల్లెలే. అక్కకు బీపీ, చూస్తే పడిపోతుంది అంది. చావు వీడియోలు కూర్చుని చూసే అలవాటు నాకు లేదు. చివరిది తీసేసి కాపీ కొట్టాను."

కృపామణి వెనక్కి తిరిగింది. "నువ్వా?"

హెప్సి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ కోసమే అక్కా. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?"

"పిచ్చిమొహమా! వార్డులో రోజూ చావులు చూసేదాన్నే. నాతో చెప్పొచ్చుగా? పాపం, ఈయన్ని అన్యాయంగా కడిగేశాను." చెల్లెల్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "పోనీ ఆ పెద్ద డిస్కేది?"

"గీతలు పడితే పారేశాను."

"అయ్యో!"

"డిస్కుతో పనేముంది సిస్టర్?" అన్నాడు జార్జి. "కాపీ తియ్యాలంటే ముందు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. నేనింకా చెరపలేదు."

హెప్సి అక్క చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. బతికినన్నాళ్ళూ పెద్దదీ పెద్దదీ అని నిన్నే కలవరించింది అమ్మ. ఆ మొహమే గుర్తుంచుకో."

"నువ్వు చూడలేవులే. కారులో కూర్చో, వస్తాను."

హెప్సి నిలబడింది. కారు తాళాలు గుప్పిట్లో బిగించి బయటికి పోయింది.

జార్జి చివరి భాగం పెట్టాడు. అదే గేటు. రోడ్డు వంక చూస్తున్న అదే జనం. దుమ్ము రేపుకుంటూ ఒక కారు వచ్చి ఆగింది. కెమెరావాడు దాన్ని వదిలేసి గొయ్యి దగ్గరికి నడిచాడు. మోకులు వదిలారు. పెట్టె అడుగున ఆనింది.

"అమ్మా" అంది కృపామణి. ఇన్నాళ్ళకు ఏడుపు వచ్చింది.

జార్జి బొమ్మ ఆపబోయాడు.

"ఆపకు బ్రదర్. ఇదే నాకు కావాల్సింది."

పాస్టరు ప్రార్థన ముగించి, కుటుంబాన్ని ముందుకు రమ్మని పక్కకు జరిగాడు.

మొదటి గుప్పెడు మట్టి వేసింది హెప్సి.