నాలుగేళ్లు వాడిన జెట్ పడవ

"తొమ్మిది వేలు ఎక్కువ సార్," అన్నాడు గోవర్ధన్, పడవ చుట్టూ ఇంకోసారి తిరిగి. "ఇగో, ఈడ రంగు లేసింది. రేపు కొన్నంక నాకు ఖర్చే గదా."

కాశీవిశ్వనాథం గారు వంగి చూశారు. కళ్లజోడు సర్దుకుని, చేతిలో ఉన్న పుస్తకంలో రాసుకున్నారు.

"నిజమేనండీ. నేను గమనించనే లేదు."

అమ్మేవాడు ఎక్కడైనా ఇంత తొందరగా ఒప్పుకుంటాడా? గోవర్ధన్‌ బేరం తెగకుండా సాగదీద్దామని వెతికి వెతికి పట్టుకున్న లోపం అది.

అతను నారాయణగూడలో సైకిళ్ల షాపులో పనిచేస్తాడు. నెలకు నూట పది రూపాయలు. ఆ ఏడు ఊళ్లో రెండు రోజులకో బందు. షాపు మూసిన ఒక రోజు తల్లి నర్సింహమ్మను వెంటబెట్టుకుని, చిక్కడపల్లి నుంచి కవాడిగూడలో చెల్లెలు కమల ఇంటికి బయలుదేరాడు. అటునుంచి అటే కాసేపు గాలికి ట్యాంక్ బండ్ ఎక్కారు. సరిగ్గా అప్పుడే హుస్సేన్ సాగర్ మీద ఈ పడవ నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోయింది.

నర్సింహమ్మ నిలబడిపోయింది. "తెడ్డు లేదు, తెరచాప లేదు. ఎట్ల పోతుందిరా అది? ఒక్కపారి దాంట్ల కూసోవాలె."

ఇరవై ఏళ్లు నాలుగిళ్లలో అంట్లు తోమి పెంచిన తల్లి. ఫలానాది కావాలని ఆమె నోటి నుంచి రావడం గోవర్ధన్ అదే మొదటిసారి వినడం. మర్నాడు ఒడ్డున ఉన్న షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాడు. పడవకు 'అమ్మబడును' అని అట్ట కట్టి ఉంది. పక్కనే తెల్ల చొక్కా వేసుకుని కాశీవిశ్వనాథం గారు ఏవో కాగితాలు చూసుకుంటున్నారు.

"ఏం కావాలండీ?" అని ఆయన అడగ్గానే, "కొందామని చూస్తున్న సార్," అనేశాడు గోవర్ధన్. అన్నాక, కొనేవాడిలా పడవను తట్టి చూశాడు.

ఆయన ఓపిగ్గా అంతా చెప్పారు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక నుంచి బలంగా చిమ్ముతుందట, ఆ తోపుకే ముందుకు పోతుందట. కొత్తలో ఇరవై రెండు వేలు. నీళ్లలో దిగిన మొదటి ఏడే ఐదో వంతు విలువ పోతుంది. ఆ తర్వాత ఏటా ఇంత అని తరుగు. విడిభాగాలు పైదేశం నుంచి రావాలి. నాచు ఇరుక్కుంటే ఆగిపోతుంది. పెట్రోలు ఎంత పోసినా చాలదు. అన్నీ తీసేస్తే మిగిలేది తొమ్మిది వేలు.

"నడిపి చూడకుండా ఖరీదెలా తేలుతుందండీ? ఆదివారం రండి," అన్నారు చివరికి.

అందుకే ఈ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని తల్లితో సహా వచ్చాడు. రంగు లేచిన సంగతి రాసుకోవడం అయ్యాక డ్రైవరు మాసయ్య ఇంజను తిప్పాడు. పడవ ఎగిరి ముందుకు దూకేసరికి నర్సింహమ్మ కొంగు గాల్లోకి లేచింది, తుంపర్లు మొహాన కొట్టాయి. ఆమె పకపకా నవ్వింది. తల్లి అట్లా నవ్వగలదని గోవర్ధన్‌కు అంతవరకూ తెలియదు.

అక్కడితో ఆగాల్సింది. నర్సింహమ్మ వెళ్లి కూతురికి చెప్పింది. "నన్ను తీస్కపోవా అన్నా?" అంది కమల.

మరుసటి ఆదివారం కమల వచ్చింది. కాశీవిశ్వనాథం గారు కూడా తమ ఇల్లాలు అన్నపూర్ణమ్మను తీసుకొచ్చారు. ఆవిడ పడవ అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మలుపు తిరిగినప్పుడల్లా "రామ రామ" అనుకుంది. దిగాక ఫ్లాస్కులోంచి అందరికీ కాఫీ పోసింది.

"ఇంజను మోత బాగలేదు సార్," అన్నాడు గోవర్ధన్, ఏదో ఒకటి అనాలి గనక.

"అవునండీ, నేనూ విన్నాను." ఆయన మళ్లీ రాసుకున్నారు. "ఏడున్నర వేలకు మించి పలకదు."

గోవర్ధన్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ధర ఇట్లా దిగుతూ పోతే వద్దనడానికి వంక ఎక్కడిది? పైగా ఇంత పడవకు యజమాని అయి ఉండి, బయానా అన్న మాట ఎత్తలేదు, తన ఊరూ పేరూ అడగలేదు. అటువంటి మనిషి చేత పెట్రోలు పోయించుకుని తాము షికారు తిరగడం ఏం మర్యాద? ఆ వారమంతా అన్నం సయించలేదు.

మూడో ఆదివారం ఒక్కడే వచ్చాడు.

"ఆరు వేలు అనుకుంటున్నానండీ," అన్నారు కాశీవిశ్వనాథం గారు, పుస్తకం తెరుస్తూ. "మీరేమంటారు?"

"నన్ను మాఫ్ చెయ్యుండ్రి సార్." గోవర్ధన్ తల వంచుకున్నాడు. "నేను కొనెటోన్ని కాదు. సైకిళ్ల షాపుల పంచర్లు వేస్త. మా అమ్మ ముచ్చటపడ్డదని మీకు అబద్ధం చెప్పిన. ఇగో, పెట్రోలుకు పదిహేను రూపాయలు. ఇంతకన్న నా తాన లేవు."

కాశీవిశ్వనాథం గారు నోట్ల వంక చూశారు, తీసుకోలేదు. పుస్తకం మూశారు. షెడ్డు అవతల డబ్బాలోకి పెట్రోలు వంచుతున్న మాసయ్యను ఓసారి చూసి, గోవర్ధన్ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు.

"జేబులో పెట్టుకోండి," అన్నారు గొంతు తగ్గించి. "పడవ నాది కాదు బాబూ, యజమాని విలువ కట్టి రమ్మంటే వచ్చిన గుమాస్తాని. మొదటి ఆదివారమే తేల్చాల్సిన లెక్క ఇది."