ఆలస్యానికి కారణం

"అది కూడా చదువు బేటీ," అంది సలీమా, తహ్రీమ్ చదవకుండా వదిలేసిన ఆఖరి వరుస చూపిస్తూ.

పాతబస్తీ శాలిబండలోని సలీమా ఇంటికి తహ్రీమ్ అనుమతి కోసం వచ్చింది. రేపు యూనివర్సిటీలో కొత్త పరిశోధకుల సెమినార్. ఒంటిని కాపాడే కణాలే మెదడు మీద దాడి చేసే జబ్బు గురించి, దానితో చనిపోయిన సలీమా కూతురు షిఫా గురించి మాట్లాడాలి.

తహ్రీమ్ లాప్‌టాప్‌లోకి చూస్తూ చదివింది. "వైద్యం ఆలస్యానికి కారణం: కుటుంబం దర్గాల చుట్టూ తిప్పడం."

"ముందు దవఖానకే తీస్కపోయినం. పిచ్చి అన్నరు, గోలీలిచ్చిన్రు. తగ్గకపోతేనే దర్గాకు పోయినం."

"పిచ్చి అని ఎవరన్నరు ఖాలా?"

సలీమా మొదటి పేజీకి జరపమంది. అక్కడి ఫొటోలో తహ్రీమ్ పక్కన నిలబడ్డ ఆమె పరిశోధన గైడ్ మీద వేలు పెట్టింది. "ఈ డాక్టర్ సారే."

ఆ వాక్యం రాయించింది ఆయనే. రేపు ముందు వరుసలో కూర్చునేదీ ఆయనే.

"నీ డిగ్రీ ఆయన చేతులనే ఉన్నదా?"

అవునన్నట్టు తహ్రీమ్ తలూపింది.

"అయితే దర్గా అనే ఉండనీ బేటీ. షిఫా ఎట్లయినా రాదు."

వద్దు, నిజమే చెప్తానంటుందేమోనని సలీమా ఆశగా తహ్రీమ్ ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

తహ్రీమ్ లాప్‌టాప్ మూసేసింది. ఆ వాక్యం చెరపలేదు.