బోర్డు లేని నాలుగు సాళ్లు

రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దిన చేయి ఇది. మెల్లగా నడుస్తుంది.

బోధన్ పక్కన చెరుకు పరిశోధన క్షేత్రంలో సాయవ్వ కూలి.

ఒకరోజు పెద్దసారు రాజేందర్ గోడకు లిస్టు అంటించాడు. ఏ సైంటిస్టు ఎన్ని పేపర్లు అచ్చు వేయించాడో లెక్క.

రాజేందర్ పేరు పక్కన నూట పన్నెండు. అట్టడుగున దేవన్న. పక్కన ఒకటి.

"పదహారేండ్లకు ఒక్కటా సారూ?" చిన్నసారు నరేష్ నవ్వాడు. "పెండ్లి పత్రికలన్న మా తాత ఇంతకెక్వ రాసిండు."

దేవన్న కూడా నవ్వి పొలంలోకి నడిచాడు.

ఆయనవి నాలుగు చెరుకు సాళ్లు. ఏటా ఆ గడలకు సూదితో రోగం ఎక్కించేవాడు. నెలలు ఆగి, రోగం పట్టిందా లేదా అని చీల్చి చూసేవాడు. గడ పట్టుకునేది సాయవ్వ.

"ఆళ్లు ఏసీల కూసొని రాస్తరు. నువ్వేమో నాతోని బురదల తిరుగుతవు. ఎప్పుడు రాస్తవు సారూ?"

"ఇంకొక్క పంట సూడనియ్యి అక్కా."

పేపర్ల లెక్కకు వచ్చే పంటకే అక్కడ బోర్డు. బోర్డు లేని సాళ్లు కూలోళ్లవి, గడలు కొట్టి తీసుకుపోయినా ఎవరూ అడగరు. దేవన్న సాళ్లకు బోర్డు లేదు. ఆయనే కాపలా.

వారం తిరగకుండా ఆయన్ను దూరం బదిలీ చేశారు. సాయవ్వ అప్పుడు జ్వరంతో ఇంట్లో ఉంది.

తిరిగి వచ్చేసరికి మొదటి గడకు ఒక కాగితం కట్టి ఉంది. అది దేవన్న రాతేనని ఆమె గుర్తుపట్టింది. చదవడం అక్కడి కూలీలెవరికీ రాదు.

"సారు పోతపోత మనకే ఇడిసిపోయిండే," అంది తోటి కూలీలతో.

అందరూ కలిసి గడలన్నీ కొట్టి, మోళ్లు కూడా తవ్వేశారు. బెల్లం వండారు. కాగితం మాత్రం ఆమె దాచుకుంది.

మరుసటి ఏడు బోధన్ నుంచి రెంజల్ దాకా చెరుకంతా ఎర్రకుళ్లు తెగులు పట్టి ఎండింది. రాజేందర్ దేవన్నకు ఫోన్ చేశాడు.

ఆయన భార్య ఎత్తింది. "ఆయన పోయి రెండు నెలలైంది సారూ."

నరేష్ బీరువాలోంచి దేవన్న రిజిస్టరు తీసి పైకి చదివాడు. "పన్నెండేళ్లు ఎర్రకుళ్లు ఎక్కించాను. నాలుగు సాళ్లలో ఒక్క గడ ఎర్రబడలేదు. ఈ విత్తనమే రైతులకు ఇవ్వాలి."

"ఆ సాళ్లు యాడున్నయి?" అన్నాడు రాజేందర్.

గుమ్మం దగ్గర నిలబడ్డ సాయవ్వ కొంగుముడి విప్పి కాగితం ఇచ్చింది.

"కొట్టొద్దు," అని చదివి నరేష్ ఆమె ముఖం చూశాడు.

తర్వాత అతను రిజిస్టరులో చివరి పేజీ తిప్పి చదివాడు.

"ఈ పంటతో రెండో పేపరు రాయాలి. రాసినవాళ్ల పేర్లు: సాయవ్వ, దేవన్న."

ఇది రాసింది: సాయవ్వ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు రెంజల్‌లో, కూతురి దగ్గర.