ఐదేళ్ల లెక్క

“హైబ్రిడ్ ఎస్‌యూవీ ఖరీదెక్కువే సార్. కానీ పెట్రోలు సగమే తాగుతుంది. ఐదేళ్లలో ఆ తేడా తిరిగొచ్చేస్తుంది,” అన్నాడు సేల్స్‌మన్.

“వద్దు. మామూలుదే రాయి,” అన్నాను.

షోరూములోని కారు ముందు సీట్లో కూర్చుని చూస్తున్న నా భార్య తల తిప్పింది. “పెట్రోలు ధర ఇలా మండిపోతుంటే మామూలుదా? బంకువాడు మీకేమైనా చుట్టమా? వారానికి మూడుసార్లు నన్ను అంత దూరం ఆసుపత్రికి తిప్పాలి కదా.”

“ఎన్నాళ్లో తిరగంలే.”

“కొట్లోకి ఫ్యాను కొన్నా పదేళ్ల కరెంటు లెక్కేస్తారు మీరు.” ఆమె గొంతు తగ్గింది. “నిన్న నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరు మీకేం చెప్పాడండీ?”

ఇన్నేళ్ల వ్యాపారంలో నా మనసులోని లెక్క ఎవరికీ చిక్కలేదు. కారు తలుపు మీద లేని దుమ్ము తుడిచాను.

“హైబ్రిడే రాయి బాబూ, నువ్వు చెప్పిన ధరకే,” అన్నాను.

సేల్స్‌మన్ మొహం విప్పారింది. ఆమె కిటికీలోంచి చేయి చాపి నా చొక్కా పట్టుకుంది.

“బేరమాడండి,” అంది మెల్లగా. “మీరు బేరమాడకపోతే నాకు భయమేస్తుంది.”