పచ్చ ట్యాగు

తెనాలి ప్రింటింగు షాపులో, రేపల్లె క్రైస్తవ సభల వాలంటీర్లకిచ్చే ట్యాగుల నమూనాలు కౌంటరు మీద పరిచారు. హెలెన్ నీలంది తీసింది.

"నీలం ఏంటే, ఎండకి వెలిసిపోద్ది" అంటూ తల్లి రాహేలమ్మ పచ్చ ట్యాగు మెడలో వేసుకుంది. "నాకిదే కావాలి. స్త్రీల పందిరి చూసేది నేనేగా."

"సరేనమ్మా."

నిరుడు ఆ పందిట్లోంచే తప్పిపోయి రైలు పట్టాల పక్కన దొరికిన సంగతి రాహేలమ్మకు గుర్తులేదు.

"అమ్మగారి పేరు కింద ఏ డ్యూటీ వేయమంటారండీ?" అన్నాడు షాపు ఆంజనేయులు.

హెలెన్ గొంతు తగ్గించింది. "డ్యూటీ వద్దండీ. నా ఫోను నంబరు వేయండి."

అతనికి అర్థమైంది. "అయితే చేతికి బ్యాండు వేయిద్దామండీ. కత్తెర పెడితే తప్ప ఊడదు."

"వద్దండీ. మా అమ్మకి చిన్నతనంగా ఉంటుంది."

రాహేలమ్మ ట్యాగు తీసి కౌంటరు మీద పెట్టేసింది. "బ్యాండే వేయి నాయనా. ట్యాగు నేనే తీసి పారేస్తానేమో."

హెలెన్ తలెత్తలేకపోయింది. తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నంబరు పక్కన నీ పేరు కూడా వేయించవే."

"ఎందుకమ్మా? నంబరుంటే నాకు ఫోన్ చేస్తారుగా."

"నువ్వొచ్చాక నిన్నేమని పిలవాలో నాకు తెలియొద్దూ?"