ఎక్కించని సర్టిఫికెట్

పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయిన మరుసటి ఏడు, ఎండాకాలం. మైపాడు రొయ్యల గుంటల దగ్గర హజరత్తయ్య గేటుకు అడ్డంగా నిలబడి కర్ర ఎత్తాడు.

"అడుగు ముందుకేస్తే కాళ్ళిరుగుతాయి!"

స్కూటీ దిగిన వినీల కంపెనీ కార్డు చూపించింది. "నేనేమన్నా దొంగనా పెద్దాయనా? గట్టు మీది పెట్టె మాదే. మా కంప్యూటర్లన్నీ కొత్త చోటికి మార్చినాం. నీ పెట్టేమో మమ్మల్ని గుర్తుపట్టే పాత సర్టిఫికెట్‌నే నమ్ముతుంది. కొత్తది ఎక్కించకపోతే సాయంత్రం నుంచి మా మాట వినదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా నీళ్ళు చిలికే ఏరేటర్లు వాటంతటవి తిరగవు. తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి."

"పొద్దున్నించి ఎన్ని గుంటలు తొక్కినావు?"

"అన్నీ. నీదే మిగిలింది."

"ఆదిశేషమ్మ గుంటలో తెల్లమచ్చ తగిలింది. అది తొక్కిన కాళ్ళతో నా గట్టెక్కుతావా?"

తెల్లమచ్చ తెగులు తిరిగే రోజుల్లో ఆ తీరాన సొంత అల్లుణ్ణయినా గట్టెక్కనివ్వరు. వినీల చెప్పులు విసిరికొట్టింది. గేటు దగ్గరి తొట్టిలో, బ్లీచింగు నీళ్ళలో దిగి నిలబడింది.

"చాలా? తోలు ఒలుచుకొని రమ్మంటావా?"

"వొద్దు. వెనక్కి పో."

"అయితే పెట్టె విప్పి తెచ్చియ్యి. గేటు బైటే ఎక్కిస్తా."

"నా చెయ్యి పడితే చెడగొట్టినానంటారు."

"ఏం మనిషివయ్యా! నీకు రెండు పంటలు పోయినాయని ఊరంతా అంటా ఉంది. ఇదీ పోతే గుంట నీ చేతిలో ఉంటాదా?"

"నా గుంట సంగతి నీకెందుకే! పెట్టె ఆగితే పంటకు మాది పూచీ అని అమ్మేటప్పుడు మీవాళ్ళు అన్లేదా?"

వినీలకు ఒళ్ళు మండింది. ఆఫీసులో పైవాడు హరినాథ్‌కు ఫోన్ కొట్టింది.

"రానియ్యకపోతే వొచ్చెయ్ తల్లీ," అన్నాడాయన. "రేపు తెల్లమచ్చ తగిలితే నువ్వే తెచ్చినావంటారు."

ఆమె చెప్పులు చేతబట్టుకుని స్కూటీ తిప్పింది.

"చావనీ నీ రొయ్యల్ని!"

హజరత్తయ్య గేటుకు తాళమేశాడు. సాయంత్రానికి పెట్టె మూగబోయింది.

మర్నాడు తెల్లవారగానే అతను షెడ్డులోకి వెళ్ళాడు. మొన్ననే చస్తే ఐసు కింద దాచిన రొయ్యల్ని తట్టలకెత్తి, గుంటలో కుమ్మరించాడు. చేతులు కడుక్కుని, కంపెనీకి ఫోన్ చేసి తిట్లు లంకించుకున్నాడు.