సింహం ముద్ర పట్టీ

ధన్‌మని రైలుపెట్టె తలుపు మూసుకుంది. చూస్తే లోపలివైపు పిడీ లేదు, గడియా లేదు.

"ఎలా దిగుతాం బాబూ? నాకు అర్జెంటుగా బాత్రూమ్‌కి వెళ్ళాలి," అంది టూరుకొచ్చిన చంద్రకళ ఆంటీ.

గైడు కోదండరామ్ కోటు దగ్గరికి లాక్కున్నాడు. కెనడాలో సర్రీ దగ్గరున్న ఆ రైలు మ్యూజియంలో ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి విమానం దిగిన ప్రతి స్టూడెంటూ ఎగబడితే అతనికి దక్కింది. ఇవాళ టూరు సరిగ్గా నడిపితేనే నిలుస్తుంది. అది చూడ్డానికే సూపర్‌వైజర్ పద్మిని గారు ఎదురు సీట్లో కూర్చుంది.

"చెప్పవయ్యా గైడూ," అందావిడ.

"ఇది పాతకాలం ఇంగ్లండు పెట్టె ఆంటీ. గదికీ గదికీ మధ్య దారుండదు, బాత్రూమ్ అసలే ఉండదు. పిడి బయటే. కిటికీకున్న తోలుపట్టీ లాగితే అద్దం దిగుతుంది. చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకోవాలి."

"లాగు మరి!"

లాగడానికి పట్టీ ఏదీ?

"అవతలి తలుపో?"

"దాని పట్టీ పోయిన నెలే ఎవరో కొట్టేశారండీ," అంది పద్మిని గారు. "అప్పట్లో ఇంగ్లండులోనూ ఇదే గోల. గడ్డం కత్తులు నూరుకోడానికి కోసుకుపోయేవాళ్ళట. అందుకే రైలు కంపెనీ పట్టీల మీద సింహం ముద్ర కొట్టించింది. ఇప్పుడిదీ పోయిందా! ఎవడో సిగ్గులేని వెధవ!"

ఆంటీ సీట్లో అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది. ఇంకో నిమిషమైతే మ్యూజియం మునిగిపోయేట్టుంది.

కోదండరామ్ మెల్లగా కోటు గుండీలు విప్పాడు. నడుం చుట్టూ తోలుపట్టీ. బొడ్డు మీద సింహం.

"పొద్దున బస్సెక్కుతుంటే బెల్టు తెగింది మేడం. ఇక్కడికొచ్చాక చిక్కిపోయా, ప్యాంటు నిలవదు. సాయంత్రం పెట్టేద్దామనే..."

ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో పట్టీని చట్రానికి తగిలించి లాగాడు. అద్దం దిగింది. తలుపు తెరుచుకుంది. ఆంటీ, ఆ వయసులో, జింకలా దూకి పరిగెత్తింది.

"మ్యూజియం సొత్తు ఒంటికి తగిలించుకు తిరుగుతావా? సిగ్గనేది లేదూ? రేపట్నుంచి రానక్కర్లేదు!" అంది పద్మిని గారు.

ప్యాంటుతోపాటు తనూ కిందికి జారిపోతే బాగుండనిపించింది కోదండరామ్‌కి. తల దించుకున్నాడు. ఆవిడ ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగు కనబడింది. దాని పట్టీ మీంచి ఇంకో సింహం అతన్నే చూస్తోంది.